ఎనిమిది మంది అడుగుతుంటే ఒక్క పాదం: ఏకాగ్రత సాధన ఎలా చేయాలి?

పుస్తకం ముందర పెట్టుకుని కూర్చుంటే పది నిమిషాలకే మనసు ఎటో వెళ్లిపోతోందని బాధపడేవాళ్లు రామగిరి నుంచి హిందూపురం దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదివే పిల్లలు, రాత్రి లెక్కలు రాసుకుంటూ ఒకే వరుసను మూడుసార్లు కూడే దుకాణదారులు, పొద్దంతా కష్టపడినా ఏ పనీ పూర్తి కాలేదని నొచ్చుకునే గృహిణులు. మెదడు ఆటల యాప్‌లు కొనుక్కోమని వీళ్లకు సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. నేనైతే పెనుకొండ వైపు చూడమంటాను.

ఆశావాది ప్రకాశరావు గారు 1944లో శింగనమల మండలం కొరివిపల్లిలో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టారు. తెలుగు అధ్యాపకులయ్యారు, ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశారు, పెనుకొండలో స్థిరపడ్డారు. నూట యాభైకి పైగా అవధానాలు చేశారు. 2021లో పద్మశ్రీ వరించింది, 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అవధానం పండితుల ఇళ్లలో పుట్టినవాళ్లకే అబ్బుతుందనుకునేవాళ్లకు ఆయన జీవితమే జవాబు. అది నేర్చుకుంటే వచ్చే విద్య. పద్యం రాయడం రానివాళ్లు కూడా అందులోంచి తీసుకోగలిగినది చాలా ఉంది.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు మాటలిచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమంటారు, దీన్ని దత్తపది అంటారు. ఒకరు వర్ణన అడుగుతారు. నిషిద్ధాక్షరి అడిగేవారు అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి అది వద్దంటారు. ఇంకొకరు తోచినప్పుడల్లా గంట కొడతారు, మొత్తం ఎన్నిసార్లు కొట్టారో చివర్లో చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనల్లా సంబంధం లేని ప్రశ్నలేసి ధ్యాస చెదరగొట్టడమే. అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు.

చూసేవాళ్లకు ఆయన ఒకేసారి ఎనిమిది పనులు చేస్తున్నట్టు అనిపిస్తుంది. కాస్త గమనించి చూడండి. సమస్య దగ్గర ఒక్క పాదం చెప్పి అక్కడ ఆపేస్తారు. దత్తపది దగ్గర ఒక్క పాదం. వర్ణన దగ్గర ఒక్క పాదం. ఇలా నాలుగు ఆవృత్తాలు తిరిగేసరికి పద్యాలన్నీ పూర్తవుతాయి, ఆ తర్వాత వాటినన్నిటినీ వరుసగా అప్పజెప్పే ధారణ. అంటే ఏ నిమిషంలో చూసినా ఆయన చేస్తున్నది ఒకే పాదం. మధ్యలో ఎవరో కొంటె ప్రశ్న వేస్తే నవ్వించే జవాబు చెప్పి, ఆగిన అక్షరం దగ్గరికే తిరిగి వస్తారు. మనసు చెదరడం ఎవరికీ తప్పదు. చెదిరిన మనసును వదిలిన చోటికే తెచ్చుకోవడం సాధనతో వస్తుంది. కింద చెప్పబోయే మెట్లన్నీ దానికోసమే.

ముందుగా: ఏ పని మీద సాధన?

ఇది తేల్చుకోకుండా మొదలుపెడితే కష్టమంతా వృథా. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక విద్యార్థికి అంకెలు వినిపించి, విన్న వరుసలో తిరిగి చెప్పించేవారు. మొదట్లో అతనికి ఏడు అంకెలు గుర్తుండేవి. సుమారు 230 గంటల సాధన తర్వాత 79 అంకెలు చెప్పగలిగాడు. అతను పరుగు పందేల్లో పాల్గొనేవాడు కాబట్టి, అంకెల్ని గుంపులుగా విడగొట్టి పరుగు సమయాలుగా గుర్తుపెట్టుకున్నాడు. 1980లో ఈ ఫలితం ప్రచురించారు. అసలు తెలుసుకోవలసింది దీని తర్వాతి సంగతి. అంకెలు మానేసి అక్షరాలు వినిపిస్తే అతను మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు.

అంటే మెదడు సాధన చేసిన పనిలోనే పదునెక్కింది. మెదడు ఆటల యాప్‌ల సంగతీ ఇంతే. ఆట ఆడితే ఆటలో నేర్పు పెరుగుతుంది, చదువుకో ఉద్యోగానికో అది పెద్దగా అక్కరకొస్తుందనడానికి గట్టి రుజువు లేదు. లూమాసిటీ అనే యాప్ కంపెనీ తన ప్రకటనల్లో చెప్పుకున్న లాభాలకు తగిన ఆధారం లేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపితే, 2016లో ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది.

కాబట్టి మీకు ఏది కావాలో దాని మీదే సాధన చేయండి. డీఎస్సీ చదివేవాళ్లకు డీఎస్సీ పుస్తకమే సాధన వస్తువు. దుకాణం లెక్కలు తప్పుతున్నవాళ్లకు ఆ ఖాతా పుస్తకమే. ఒక్క విషయం ఎంచుకుని, నెల రోజులు దాన్ని మార్చకండి.

మొదటి మెట్టు: పదిహేను నిమిషాలు, ఫోన్ అవతల

రోజుకు రెండుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున కూర్చోండి. మొదటి రోజే రెండు గంటలు కూర్చుంటానని పంతం పడితే మూడో రోజుకు మానేస్తారు. గోడ గడియారమో చేతి గడియారమో వాడండి. ఫోన్‌లో అలారం పెట్టుకుంటే దాన్ని ఆపడానికైనా ఫోన్ చేతిలోకి తీసుకోవాలి, తీసుకున్నాక ఏమవుతుందో అందరికీ తెలిసిందే.

ఫోన్ ఎక్కడ ఉండాలన్నది చిన్న విషయంగా తీసిపారేయకండి. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ వార్డ్, మరికొందరు 2017లో ప్రచురించిన ప్రయోగంలో కొందరి ఫోన్లు బల్లమీద, కొందరివి సంచిలో, కొందరివి వేరే గదిలో పెట్టించి పరీక్షించారు. వేరే గదిలో పెట్టినవాళ్లు బల్లమీద పెట్టుకున్నవాళ్లకంటే మెరుగ్గా చేశారు. ఫోన్ మోగకపోయినా ఈ తేడా కనిపించింది. తర్వాత జరిగిన అధ్యయనాలన్నిట్లోనూ ఇదే ఫలితం రాలేదు. అయినా ఫోన్ అవతల పెట్టడానికి ఖర్చేముంది? ఇంట్లో ఉన్నది ఒకే గది అయితే బియ్యం డబ్బాలో పెట్టి మూత వేయండి, లేదా ఆ పావుగంట అమ్మ చేతికివ్వండి.

వేళ కూడా చూసుకోవాలి. మన సీమ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రేకుల ఇంట్లో కూర్చుని మనసు నిలవలేదని తిట్టుకోవడం న్యాయం కాదు. తెల్లవారి ఐదున్నర నుంచి ఏడున్నర లోపు ఒకసారి, పొద్దుగూకి ఇల్లు చల్లబడ్డాక ఒకసారి పెట్టుకుంటే సరిపోతుంది.

రెండో మెట్టు: అప్రస్తుతానికి ఒక కాగితం

కూర్చున్న రెండో నిమిషానికే గ్యాస్ బుక్ చేయలేదని గుర్తొస్తుంది. స్నేహితుడికి జవాబివ్వలేదని గుర్తొస్తుంది. అవధానిని అప్రస్తుత ప్రసంగి బయటి నుంచి చెదరగొడితే, మనలో అలాంటివాడు లోపలే కూర్చుని ఉంటాడు. అతన్ని నోరుమూయించాలని చూస్తే ఇంకా గట్టిగా అరుస్తాడు. అందుకే పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఆలోచన రాగానే రెండు మాటల్లో రాసేయండి: "గ్యాస్", "రమేష్‌కు ఫోన్". రాసి, చదువుతున్న వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చదవండి. పేరా మొత్తం చదవనక్కర్లేదు, ఆ వాక్యం చాలు.

వాక్యం దగ్గరికి తిరిగొచ్చిన ప్రతిసారీ కాగితం అంచున ఒక గీత గీయండి. పావుగంటలో పదో పదిహేనో గీతలు పడితే దిగులు పడకండి. అవి ఓటమి లెక్కలు కావు, అన్నిసార్లు మనసును వెనక్కి తెచ్చుకున్నారన్నమాట. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే తమను తాము తిట్టుకుని వదిలేస్తారు. దయచేసి వదలకండి. వ్యాయామం చేసేవాడికి బరువు ఎత్తిన ప్రతిసారీ ఎలాగో, ఇక్కడ తిరిగొచ్చిన ప్రతిసారీ అలాగే.

మూడో మెట్టు: లేచే ముందు పాదం ముగించడం

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే మెట్టు ఇది, అందరూ పట్టించుకోనిదీ ఇదే. ధర్మవరంలో పట్టుచీర నేసే ఇంట్లో భోజనానికి పిలిస్తే నేతగాడు ఉన్నపళంగా లేవడు. నాడె అవతలి అంచుకు చేరాలి, పన్నెతో పేక సర్దుకోవాలి, బుటా ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి కన్నేయాలి. అప్పుడే కాళ్లు గుంటలోంచి పైకి తీస్తాడు. తిరిగొచ్చి కూర్చున్నాక వెతుకులాట ఉండదు.

ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే, మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. ఆమె తర్వాతి పరిశోధనలో, లేచే ముందు "ఎక్కడ ఆపాను, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలి" అని క్లుప్తంగా రాసుకున్నవాళ్లకు కొత్త పని మీద ధ్యాస బాగా నిలిచింది. అవధాని ఒక్కో పృచ్ఛకుడి దగ్గర పాదాన్ని సగంలో కాకుండా పూర్తిచేసి ఆపడంలోనూ ఇదే ఉపాయం కనిపిస్తుంది. నిషిద్ధాక్షరి లాంటి చోట్ల కూడా ఎక్కడ ఆగారో ఆ అక్షరం గట్టిగా పట్టుకుని ఉంటారు.

మీరు చేయవలసిందల్లా ఇంతే. అమ్మ పిలిచినా, దుకాణానికి మనిషి వచ్చినా, "ఒక్క నిమిషం" అని చెప్పి చదువుతున్న వాక్యం పూర్తి చేయండి. పుస్తకం అంచున పెన్సిల్‌తో ఒక ముక్క రాయండి: "తర్వాత: గవర్నర్ అధికారాలు, రెండో అంశం". అప్పుడు లేవండి. వంట చేసేవాళ్లకైనా అంతే. ఫోన్ ఎత్తే ముందు "ఉప్పు వేశాను, చింతపండు వేయాలి" అని పైకి అనండి. పైకి అంటేనే మాట నిలుస్తుంది, మనసులో అనుకుంటే జారిపోతుంది.

నాలుగో మెట్టు: ధారణ

పావుగంట అయ్యాక పుస్తకం మూయండి. తెల్ల కాగితం తీసుకుని, చదివింది చూడకుండా రాయండి. లేదా నేతి డబ్బాకో గోడకో పాఠం చెబుతున్నట్టు పైకి చెప్పండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపండి.

చాలామంది ఇలా చేయరు. రెండోసారి చదువుతారు, మూడోసారి చదువుతారు, కింద గీతలు గీస్తారు. చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం ప్రచురించారు. ప్రతి ఒక్కరూ ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు, ఇంకో పాఠాన్ని ఒకసారి చదివి, చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠానిదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది: చూడకుండా రాసిన పాఠంలో 56 శాతం, రెండుసార్లు చదివిన పాఠంలో 42 శాతం గుర్తుంది. పరీక్ష రేపే కాకుండా మూడు నెలల తర్వాత ఉన్నవాళ్లకు ఏది పనికొస్తుందో చెప్పనక్కర్లేదు.

రాసింది మరునాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, వారం దాటాక ఒకసారి మళ్లీ చూడకుండా చెప్పుకోండి. ఎక్కాలు, సుమతి పద్యాలు పొద్దున్నే అప్పజెప్పించిన పాతకాలపు అయ్యవార్ల పద్ధతిని మనం బట్టీ అని కొట్టిపారేశాం. అర్థం చెప్పకపోవడం వాళ్ల లోపమే. అప్పజెప్పించడం మాత్రం మంచి పనే.

ఐదో మెట్టు: దారి వెంట కొక్కేలు

అవధానికి ఛందస్సే పెద్ద కొక్కెం. ఉత్పలమాల అయితే పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఒకటే హల్లు. మూడో ఆవృత్తంలో తిరిగొచ్చేసరికి రెండో అక్షరం ఏదో ముందే తెలిసి ఉంటుంది. చూసేవాళ్లకు అదనపు కష్టంలా కనిపించే ఈ నియమమే ధారణకు చేయందిస్తుంది.

పద్యం రానివాళ్లకు ఊరి దారే కొక్కెం. తెలిసిన దారిలో వరుసగా కనిపించే చోట్లలో ఒక్కో సంగతి పెట్టుకుంటూ పోవాలి. మార్టిన్ డ్రెస్లర్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు మనుషులు రోజుకు అరగంట చొప్పున నలభై రోజులు ఈ పద్ధతి నేర్చుకున్నారు. 72 మాటల పట్టికలో మొదట ముప్పై లోపే గుర్తున్నవాళ్లకు, చివరికి అరవైకి పైగా గుర్తున్నాయి.

రాజ్యాంగంలోని పన్నెండు షెడ్యూళ్లతో చూద్దాం. ఇంటి గడప దగ్గర మొదలుపెట్టండి. గడప మీద ముగ్గు రాష్ట్రాల పటంలా వేసి ఉంది: మొదటి షెడ్యూలు, రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు. పక్కనే అంగడిలో గవర్నరు జీతం నోట్లు లెక్కపెట్టుకుంటున్నారు: రెండోది, జీతభత్యాలు. ఆంజనేయస్వామి గుడిలో మంత్రి కొబ్బరికాయ పట్టుకుని ప్రమాణం చేస్తున్నారు: మూడోది. బస్టాపులో ఆగిన బస్సులో సీట్ల కోసం రాష్ట్రాల పేర్లు రాసిన తువ్వాళ్లు వేస్తున్నారు: నాలుగోది, రాజ్యసభ స్థానాల కేటాయింపు. ఊరు దాటాక రామగిరి కొండమీద గాలిమరల కింద గిరిజన గూడెం: ఐదోది, షెడ్యూల్డ్ ప్రాంతాలు. ఇంకాస్త ముందుకు పోయి రచ్చబండ చేరేసరికి ఎనిమిదోది. అక్కడ పెద్దలు తెలుగులో ఒకరు, కన్నడంలో ఒకరు, ఉర్దూలో ఒకరు మాట్లాడుతున్నారు: భాషలు. హిందూపురం వైపు వాళ్లకు దీన్ని ఊహించుకోవడం కూడా అక్కర్లేదు. పంచాయతీ ఆఫీసు తలుపు మీద పదకొండు. మిగిలినవి మీరే పెట్టుకోండి, ఎందుకంటే మీరు పెట్టుకున్న బొమ్మే మీకు గుర్తుంటుంది. ఎంత వింతగా ఉంటే అంత మంచిది.

ఒక్క జాగ్రత్త. పట్టికలు, వరుసలు, పేర్లు, తేదీలకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. లెక్కల సూత్రం ఎందుకలా వచ్చిందో అర్థం చేసుకోవడానికి పనిచేయదు. దానికి కాగితం మీద లెక్క చేయడమే దారి.

ఆరో మెట్టు: ఇంట్లో చిన్న అవధానం

మూడు వారాలు గడిచాక, ఆదివారం సాయంత్రం ఇంట్లోవాళ్లను ముగ్గుర్ని కూర్చోబెట్టుకోండి. ఒకరు స్టీలు గ్లాసు మీద చెంచాతో తోచినప్పుడల్లా కొట్టాలి. ఒకరు కథ మొదలుపెట్టి ఒక్కో వాక్యం మీతో చెప్పించాలి, నాలుగు వాక్యాల్లో కథ ముగియాలి. ఒకరు "మీ మేనత్త ఏ ఊరికి పోయింది?" లాంటి ప్రశ్నలు వేయాలి. మీరు ప్రతి ప్రశ్నకూ జవాబివ్వాలి, కథ ముందుకు తీసుకెళ్లాలి, చివర్లో నాలుగు వాక్యాలూ అప్పజెప్పి, గ్లాసు ఎన్నిసార్లు మోగిందో చెప్పాలి.

మొదటిసారి గంటల లెక్క తప్పుతుంది. దానికి అవధానులు వాడే ఉపాయాల్లాంటిది ఒకటి మీరే కనిపెట్టుకోవాలి. వేలి కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ పోతే పన్నెండు దాకా మనసుకు భారం పడదు. పిల్లలకు ఇది ఎంతో నచ్చుతుంది, పెద్దల్ని తికమక పెట్టే అవకాశం వదులుకోరు. ఇలా ఆడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని మాత్రం వాళ్లకు ఆశ పెట్టకండి. తిరిగి రావడం ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది, నలుగురూ కలిసి కూర్చుంటారు. అది చాలు.

నిద్ర, టీ, నడక

ఇక్కడ కొత్తగా చెప్పేదేమీ లేదు, అయినా చెప్పకపోతే పై మెట్లన్నీ కూలిపోతాయి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పెద్దలకు ఏడు గంటలైనా కావాలి. పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీలోనో దాని అనుబంధ కంపెనీల్లోనో షిఫ్టులు చేసేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన పొద్దున సాధనకు కూర్చోవద్దు. ముందు కిటికీకి దుప్పటి కట్టుకుని నిద్రపోయి, లేచాక కూర్చోవాలి. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం నాలుగు దాటాక టీ మానడం మేలు. రోజూ అరగంట చురుగ్గా నడవండి.

ఇవన్నీ పాటిస్తున్నా మతిమరుపు ఉన్నట్టుండి ఎక్కువైతే, ఏ పని మీదా ఆసక్తి లేకుండా వారాలు గడుస్తుంటే, సాధన లోపమని సరిపెట్టుకోకండి. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు, దిగులు జబ్బు ధ్యాసను తినేస్తాయి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే. రక్త పరీక్ష చేయించుకోండి. మానసిక సమస్యలకు టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎంత ముందుకు వచ్చామో చూసుకోవడం

ఒక నోటు పుస్తకంలో రోజుకొక వరుస రాయండి: ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, అంచున ఎన్ని గీతలు పడ్డాయి, ధారణలో పది సంగతులకు ఎన్ని వచ్చాయి. ఈ మూడింట్లో గీతల సంఖ్య తగ్గడం కోసం ఎదురుచూడకండి, అది రోజుకొక తీరుగా ఉంటుంది. ధారణ అంకె చూడండి. అది వరుసగా వారం రోజులు ఏడు దాటితే పదిహేను నిమిషాల్ని ఇరవై చేయండి, తర్వాత ఇరవై ఐదు. నలభై ఐదు దాటించనక్కర్లేదు, మధ్యలో లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చోవడమే మంచిది. ధారణ అంకె పడిపోతే నిమిషాలు పెంచకండి, ముందు గడిచిన మూడు రాత్రుల నిద్ర లెక్క చూడండి. ఏదైనా ఒక రోజు కుదరకపోతే మరునాడు రెట్టింపు కూర్చోవద్దు. ఆగిన పేజీలో పెన్సిల్‌తో రాసుకున్న ముక్క చూసుకుని, ఆ వాక్యం దగ్గర మొదలుపెట్టండి.